కూలర్ పెట్టిన కన్నం

రాయగడ,
అక్టోబరు 8.

శ్రీవారికి,

మీ పద్మ దండాలు పెట్టి రాసేదేమంటే, నేను క్షేమంగానే చేరాను. ఇల్లే క్షేమంగా లేదు.

ముందే చెప్పేస్తున్నాను, ఇకమీదట మనకి ఉత్తరాలే గతి. మొన్న స్టేషన్‌లో దిగి ఫోన్ చేస్తే నా అరుపులు ప్లాట్‌ఫారం మొత్తం విన్నది, మీరొక్కరు తప్ప. ముప్ఫై నాలుగేళ్లు ఇంజన్ల మోత పక్కన నిలబడి, ఉన్న రెండు చెవులూ ఫ్యాక్టరీకి సమర్పించుకున్నారు. మెసేజి పెడదామంటే ఆ చిన్న ఫోనులో తెలుగు రాదు, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు నాకు అర్థం కాదు. పెళ్లయిన కొత్తలో రాసుకున్నాం కదా, ఇప్పుడు రాసుకుంటే ఎవరేం అంటారు.

ఇక ఇంటి సంగతి. నాలుగు నెలలే తాళం వేసి ఉందని ఇల్లు అమ్మిన ఆ ధనుంజయ్ అన్నాడు కదా, నలభై ఏళ్లు వేసినట్టుంది. తలుపు తియ్యగానే పావురాలు నా మొహం మీదనుంచే ఎగిరిపోయాయి. వంటింటి గట్టు మీద పావురాల రెట్ట బెత్తెడు మందాన పేరుకుపోయింది. ద్వారబంధానికి చెదలు. బాత్రూం గచ్చు అసలు ఏ రంగో ఆ దేవుడికే తెలియాలి. బావి నీళ్లు మాత్రం బాగున్నాయి, బ్లీచింగ్ పౌడరు వేయించాను. అన్నీ చూసి గుమ్మంలోనే కూలబడ్డాను. మీ పీఎఫ్ డబ్బు మొత్తం పోసి కొన్నది ఇదా అని ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, లేచి, చీర బొడ్లో దోపుకుని మొదలుపెట్టాను.

ఒక సంగతి చెబితే నవ్వుతారు. పెరట్లో కుళాయి కారుతోంది. నిన్న పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎవరో వస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి గుర్తొచ్చింది, ఇక్కడ కంప్లైంట్ రాసే రిజిస్టరూ లేదు, మెయింటెనెన్స్ వాళ్లూ లేరు! పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ క్వార్టర్సులో బతికినదాన్ని, బల్బు మాడినా రిజిస్టర్లో రాయడమే తప్ప ఏం తెలుసు నాకు?

పక్కింటావిడ పేరు దుర్గాభవాని. శ్రీకాకుళం వైపువాళ్లే, ఆయన రైల్వే. నన్ను చూసి "ఏటి వొదినా, ఒక్కదానివే వచ్చేవా? అన్నయ్య రానేదేటి?" అని అడిగింది. ఇంకేదో అనబోయి ఆగిపోయి, చెంబుతో మజ్జిగ ఇచ్చి వెళ్లింది.

నవంబరు ముప్ఫైకి మీరు క్వార్టర్ అప్పజెప్పాలి. లెక్కేస్తే ఎన్నో రోజులు లేవు. మార్గశిరం మొదటి లక్ష్మివారానికైనా మన ఇంట్లో ఉండాలని నా కోరిక. చేతిలో మిగిలిన డబ్బు సున్నానికి వస్తే సామానుకి రాదు, సామానుకి వస్తే సున్నానికి రాదు. ఏ రోజు ఏం చెయ్యాలో తెలియడంలేదు. మీరు ఎప్పుడొస్తారో రాయండి.

మీ
పద్మ


క్వార్టర్ నెం. బి-117, టౌన్‌షిప్,
కోరాపుట్ జిల్లా,
అక్టోబరు 14.

పద్మకి సూర్యారావు రాసేది.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. కుళాయికి కంప్లైంట్ అక్కర్లేదు, లోపల వాషరు పోయి ఉంటుంది. హార్డువేరు షాపులో అరంగుళం వాషరు అని అడుగు, పాతది చేత్తో పట్టుకెళ్లు. ఇప్పుడు మనం ఓనర్లం.

చెదలకి కిరసనాయిలు దూదితో కన్నాల్లోకి పట్టించు. బాత్రూంకి యాసిడ్ వాడేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో, బ్లీచింగ్‌తో కలపకు, విషవాయువు వస్తుంది. సున్నం మనమే నానబెట్టుకుంటే డబ్బాల రంగు కంటే చాలా తక్కువలో అవుతుంది. నీలం మందు కొంచెం, జిగురు కొంచెం వెయ్యి.

ముఖ్యమైన విషయం. ఆ ఇంటి వైరింగ్ పాతది, నేను చూశాను. కాబట్టి దీపాలవేళకల్లా మా చెల్లెలు లలిత ఇంటికి వెళ్లిపోవాలి. నూనెదీపం కూడా పెట్టకు, కిరసనాయిలు పట్టించిన చెక్కలు, అంటుకుంటాయి. అక్కడ పొయ్యి వెలిగించకు. పడుకోకు. పాలు పొంగించడం అవీ అన్నీ నేను వచ్చాకే. ఇది మరిచిపోవద్దు.

లలితకి నీ భోజనం సంగతి ఇదివరకే చెప్పాను. రైల్వే క్వార్టరు చిన్నదే అయినా నెలన్నర సర్దుకుంటే సరిపోతుంది.

అమర్‌నాథ్ కూడా రిటైరై కాకినాడ వెళ్లిపోతున్నాడు, సామాను అమ్మేస్తున్నాడు. టేకు మంచం ఒకటి, ఇనప బీరువా ఒకటి మాట్లాడి పెట్టాను. బీరువాకి ఒక కాలు సొట్ట, కింద చెక్క పెడితే నిలుస్తుంది. లారీలో ముందు అవే పంపిస్తాను.

నేను రావడం కొంచెం ఆలస్యం కావచ్చు. బాకీలేవీ లేవనే నో డ్యూస్ కాగితం మీద ఇంకా రెండు సంతకాలు పడలేదు.

సూర్యారావు


రాయగడ,
అక్టోబరు 25.

శ్రీవారికి,

పెళ్లాం ఆరోగ్యం అడిగే ముందే వాషరు కొలత రాసే మొగుడు నాకు దొరికాడు. సరే, వాషరు నేనే వేశాను! నీళ్లు ఆగిపోయాయి. అరగంట అక్కడే నిలబడి కారని కుళాయిని చూస్తూ ఉండిపోయాను.

వంటిల్లు తేలింది. మూడు రోజులు గోకితే కింద నల్లరాతి గట్టు బయటపడింది, ఎంత బాగుందో. బాత్రూం గచ్చు పచ్చ రంగట, ఇప్పుడు తెలిసింది. సంతకి వెళ్లి రెండు కొండచీపుర్లు, నాలుగు వెదురు తట్టలు, ఒక కూజా కొన్నాను. చీపుర్లమ్మే మనిషి "మావుసీ, నూఆ ఘొరొ?" అని అడిగింది. పిన్నీ, కొత్త ఇల్లా అని. కొత్త ఇల్లే అని చెప్పి, ఆ మాట మీదే బేరం ఆడి ఇంకో చీపురు కొసరు తీసుకున్నాను. పాత చీరలు మూడు కత్తిరించి కిటికీలకి తెరలు కుట్టాను. ఇటుకలు పేర్చి, పైన పలక వేసి గిన్నెల అలమర చేశాను. మీరు చూస్తే వంకర ఉందంటారు, ఉండనీండి.

వీధి గదిలో గోడకి మేకు కొట్టాను. సుత్తి పట్టుకుని ఎంతసేపు ఆగానో చెప్పలేను. ఎవరో వచ్చి జరిమానా రాస్తారని భయం! క్వార్టర్ గోడలకి మేకు కొట్టకూడదు, పటం తగిలించకూడదు, చివరికి కేలండరు కూడా తలుపు గొళ్లేనికే వేలాడేది కదా. ఆఖరికి కొట్టాను. పెచ్చు ఊడింది. ఊడితే ఊడింది, నా గోడ.

ఒక అనుమానం. వెనక గదికి సున్నం వేస్తున్నాను. మూడు గోడలు బాగా పట్టాయి. బయటివైపు గోడకి మాత్రం ఒకచోట ఎన్ని పూతలు వేసినా ఆరగానే రాలిపోతోంది. తడిపి చూస్తే అక్కడ సిమెంటు కొత్తది, చుట్టూ ఉన్నది పాతది. నేల దగ్గర్నుంచి నా భుజం ఎత్తు వరకు, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడేంత వెడల్పు. తలుపూ కాదు, కిటికీ కాదు. బయట్నించి చూస్తే ఇటుకలు కూడా వంకరటింకరగా హడావిడిగా పేర్చినట్టున్నాయి. దుర్గాభవానిని అడిగితే "నాకేటి తెలుస్తాది వొదినా" అని లోపలికి పోయింది. ఎప్పుడూ గడపలో నిలబడి గంట మాట్లాడే మనిషి. ఇంటికి ఏదైనా లోపం ఉందా? గోడ కూలుతుందా? మీకు తెలుస్తుంది కదా ఇలాంటివి, వెంటనే రాయండి. అటు చూసినప్పుడల్లా మనసు అదోలా అయిపోతోంది.

లలిత వాళ్లు బాగున్నారు. సంతకాలు పడ్డాయా?

మీ
పద్మ


క్వార్టర్ నెం. బి-117,
అక్టోబరు 30.

పద్మకి,

గోడ గురించి గాబరా పడాల్సింది లేదు. అది కూలర్ పెట్టిన కన్నం. వాళ్లు పెద్ద కూలర్ పెట్టుకుని తర్వాత మూసేశారు, ధనుంజయ్ అప్పుడే చెప్పాడు. కొత్త సిమెంటు మీద సున్నం పట్టదు, అంతే. దాన్ని కదపకు, గోకకు. బీరువా వచ్చాక దానికి ఆనించి పెట్టేస్తే కనపడదు. ఆ గదిలో పని ఇక ఆపేసెయ్. వీధి గది, వంటిల్లు చూసుకో చాలు.

మంచం, బీరువా మొన్న లారీకి ఎక్కించాను.

నో డ్యూస్ ఇంకా రాలేదు. డిసెంబరు మధ్యకి గానీ తెమలదేమో. నువ్వు కంగారు పడకు. సాయంత్రం లలిత ఇంటికి వెళ్లడం మరిచిపోకు.

సూర్యారావు


రాయగడ,
నవంబరు 8.

సూర్యారావు గారికి,

పెళ్లయ్యాక మొదటిసారి మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తున్నాను. పిలవాలనిపించింది.

కూలర్ ఎంత ఉంటుందండీ? నేల మీద పడుకోబెడతారా కూలర్‌ని? ఇంజన్లు విప్పి బిగించిన మనిషి అబద్ధం ఆడినా కొలతలు సరిపోయేట్టు ఆడాలి కదా.

మీ ఉత్తరం పట్టుకుని దుర్గాభవాని దగ్గరికి వెళ్లాను. "మా ఆయన కూలర్ అంటున్నారు, మీరు చూశారా ఆ కూలర్‌ని?" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. కాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ తిప్పింది.

"నాను సెప్పినానని సెప్పకు వొదినా. ఆ గదిలోనే ధనుంజయ్ వోళ్లమ్మ పోయింది. పుణ్యవతమ్మ. జూన్ నెల మజ్జిలోన. ధనిష్ఠలో పోయిందంట. ఆ నచ్చత్రంలో పోతే పీనుగుని గుమ్మంలోంచి తియ్యకూడదన్నారు పంతులు. అప్పటికప్పుడు గోడ బద్దలుకొట్టి, ఆ కన్నంలోంచి తీసుకెల్లేరు. పన్నెండో రోజు అవ్వగానే తాళమేసి గుణుపురం ఎలిపోనారు. ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాల కదా! దీపం పెట్టకూడదు, పొయ్యి ఎలిగించకూడదు, మనిసి పడుకోకూడదు."

అక్కడే కూర్చుండిపోయాను. "ఈ సంగతి మా ఆయనకి తెలియదు పాపం, మోసపోయాం" అన్నాను. అప్పుడు ఆవిడ ఏమన్నదో తెలుసా?

"తెలీకపోవడమేటి? మా అరుగు మీద కూకునే కదా బేరం ఆడుకున్నారు ఇద్దరూనూ. ధనుంజయ్ అన్నీ సెప్పేడు. అందుకే కదా అంత సవకగా ఇచ్చేడు."

ఇప్పుడు మీ ఉత్తరాలు మళ్లీ చదివాను. దీపం పెట్టకు. పొయ్యి వెలిగించకు. పడుకోకు. వైరింగ్ అట! కిరసనాయిలు అట! ఆ రెండు సంతకాలు ఎందుకు పడటంలేదో కూడా అర్థమైంది. జూన్ నుంచి ఆరు నెలలంటే డిసెంబరు మధ్యకే. మీ నో డ్యూస్ కూడా సరిగ్గా డిసెంబరు మధ్యకే!

మీకు భయం. అందుకని ఆరు నెలలూ నిండేదాకా మీరు అక్కడ ఆగారు. నన్ను మాత్రం చేతికి చీపురిచ్చి లోపలికి పంపించారు.

మంచం, బీరువా వచ్చాయి. వీధి వసారాలోనే దింపించాను. ఆ గోడకి ఆనించను.

పద్మకుమారి


క్వార్టర్ నెం. బి-117,
నవంబరు 12.

పద్మా,

నువ్వు రాసినవన్నీ నిజం. ఒక్కటి తప్ప.

నాకు తెలుసు. ఇల్లు చూసిన రోజే ధనుంజయ్ చెప్పాడు. అందరూ వద్దని వెళ్లిపోతున్నారు, అందుకే సగానికి ఇస్తున్నానన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర ఉన్న డబ్బుకి రాయగడలో ఒక్క గది కూడా రాదు. విజయనగరంలో అడిగాను, పార్వతీపురంలో అడిగాను, నీకు చెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఉద్యోగం చేసి భార్యకి అద్దె ఇల్లు చూపించాలా అని సిగ్గేసింది. నీకు చెబితే వద్దంటావు. వద్దంటే ఇంకో దారి లేదు. అందుకని చెప్పలేదు.

నో డ్యూస్ అక్టోబరు మొదటివారంలోనే వచ్చేసింది. నేనే ఇంకో పదహారు రోజులు ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకున్నాను. డిసెంబరు పదహారు దాకా ఇచ్చారు. భయం లేదని చెప్పను. మా నాన్న పోయినప్పుడు కూడా తిథి బాగోలేదని మూడు నెలలు ఇల్లు మూశారు, నాకు పదేళ్లు. తాళం వేసిన మా ఇంటి ముందునుంచే బడికి వెళ్లేవాణ్ని. ఆ భయం పోలేదు.

కానీ నిన్ను పణంగా పెట్టి నేను ఆగలేదు. పంతులుగారిని అడిగాను. పగటిపూట శుభ్రం చేసుకోవచ్చు, దోషం లేదు, రాత్రి ఉండకూడదు, దీపం పెట్టకూడదు అన్నారు. అందుకే అన్నిసార్లు రాశాను. నువ్వు సాయంత్రం వెళ్లిపోతున్నావని తెలుసు కాబట్టే ధైర్యంగా ఉన్నాను.

చెప్పకపోవడం తప్పే. జవాబు రాయి.

సూర్యారావు


క్వార్టర్ నెం. బి-117,
నవంబరు 19.

పద్మా,

జవాబు లేదు. వారం అయింది. ఫోన్ ఎత్తడంలేదో, ఎత్తి మాట్లాడితే నాకు వినపడటంలేదో అది కూడా తెలియడంలేదు. చెవికి ఆనించి ఊరికే పట్టుకుంటున్నాను.

నిన్న అమర్‌నాథ్ చేత లలితకి ఫోన్ చేయించాను. లలిత ఏం చెప్పిందో అతను కాగితం మీద రాసి చూపించాడు. వదిన అక్టోబరు పన్నెండునే వెళ్లిపోయింది, మా అత్తగారూ వాళ్లూ వచ్చారు, చోటు చాలక తనే వెళ్లిపోయింది, అన్నయ్యకి చెప్పొద్దంది అని.

అక్టోబరు పన్నెండు! అంటే ఇన్నాళ్లూ ఎక్కడ పడుకున్నావు? ఆ ఇంట్లోనేనా? ఏ గదిలో? దీపం పెట్టావా? ఒంట్లో ఎలా ఉంది? జ్వరం గానీ ఏమైనా వచ్చిందా?

ఈ ఉత్తరం అందగానే దుర్గాభవాని గారింట్లోనైనా సరే పడుకో. కాళ్లు పట్టుకుంటాను. ఇక్కడ సామాను సర్దిన పెట్టెల మధ్య కూర్చున్నాను, అన్నం సయించడంలేదు.

సూర్యారావు


రాయగడ,
నవంబరు 23.

శ్రీవారికి,

బతికే ఉన్నాను. జ్వరం రాలేదు. చేతులు మాత్రం సున్నానికి పొక్కిపోయాయి.

మీరు దాచారని అంత ఎగిరాను గానీ నేనూ దాచాను. లలిత ఇంట్లో రెండు గదుల్లో తొమ్మిదిమంది. వాళ్ల అత్తగారు నన్ను చూసి రోజుకోసారి "ఇంకా ఎన్నాళ్లు పడుతుందమ్మా ఇల్లు?" అని అడిగేది. నాలుగు రోజులు విని సంచి సర్దుకుని వచ్చేశాను. మీకు రాస్తే వెళ్లమంటారు, వెళ్తే ఆవిడ అడుగుతుంది. అందుకని బాగున్నారని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

ఏ గదిలో అని అడిగారు కదా. ఆ గదిలోనే. గాలి బాగా వస్తుందని. చాప వేసుకుని ఆ గోడవైపే తల పెట్టి పడుకున్నాను. రోజూ సాయంత్రం దీపం పెట్టాను. అన్నం వండుకున్నాను. దుర్గాభవాని చెప్పేదాకా ఇరవై ఏడు రోజులు హాయిగా నిద్రపోయాను. ఆవిడ చెప్పాక వారం రోజులు కన్ను మూయలేదు. అదే గది, అదే గోడ, అదే చాప.

అబద్ధం ఎందుకు, చాలా భయపడ్డాను. పదిహేనో తారీఖు పొద్దున్న సంచి పట్టుకుని స్టేషన్‌కి వెళ్లిపోయాను, మీ దగ్గరికి వచ్చేద్దామని. టికెట్ తీసుకునే దగ్గర నిలబడితే తట్టింది, ఎక్కడికి వెళ్తాను? క్వార్టర్ ఇవాళ కాకపోతే రేపు అప్పజెప్పాల్సిందే. లలిత ఇంటికి మళ్లీ వెళ్లలేను. ఈ భూమ్మీద నాకున్నది ఆ గోడ ఉన్న ఇల్లొక్కటే. బెంచీ మీద కూర్చుని బండి వెళ్లిపోయేదాకా చూసి తిరిగొచ్చాను.

వచ్చి దుర్గాభవానిని అడిగాను, ఆ పుణ్యవతమ్మ ఎలాంటిది అని. చెడ్డ మనిషైతే తెలుసుకుని మరీ భయపడదామని.

"ఆయమ్మా? ఆయమ్మ కట్టించిన ఇల్లే కదా వొదినా అది! మునిగుడ నుంచి సింతపండు గంపలు రైల్లో తెచ్చి అమ్మీది. మొగుడు ఎప్పుడో పోనాడు. ఇటుకలు తనే మోసింది. నీ వొంటింట్లో ఆ నల్లరాయి గట్టు, రాయి ఏరి తెచ్చి దగ్గరుండి ఏయించింది. ముప్పై ఏళ్లు ఆ గుమ్మానికి పసుపు రాసింది, ఒక్క లచ్చివారం తప్పనేదు. కడాకి మంచాన పడ్డాక కూడా నన్ను పిలిసి 'గుమ్మానికి పసుపు రాసినారా?' అని అడిగీది."

ఆవిడే మళ్లీ అంది, "అలాటి మనిసిని ఆ గుమ్మంలోంచి తియ్యనేదు వొదినా. గోడ కొట్టి దొంగసొత్తు పట్టుకెల్లినట్టు పట్టుకెల్లేరు. ఇటుకలు ఆయమ్మ వొంటికి గీసుకుపోనాయి. నాను సూసేను."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇల్లు చూసినరోజు ఏడ్చిన ఏడుపు కాదిది. మనం ముప్ఫై నాలుగేళ్లు పరాయి గోడల మధ్య బతికాం, మనల్ని పొమ్మన్నారంటే అర్థం ఉంది. ఆవిడ కట్టుకున్న ఇల్లు అది. ఆవిడ రాసిన పసుపు అది. ఒక రోజు నక్షత్రం బాగోలేదని కన్నకొడుకు ఆ గుమ్మం దాటనివ్వలేదు, వెనక్కి తిరిగి చూడకుండా తాళం వేసుకుని పారిపోయాడు. ఆవిడేం చేసిందని? చచ్చిపోయింది, అంతే కదా.

అప్పటినుంచి నాకు ఆవిడంటే భయం పోయింది. మీరంటే పట్టుకుంది.

కోప్పడకండి, నిజమే రాస్తున్నాను. మీరు దాచినందుకు కాదు. డబ్బు లేక దాచారు, సిగ్గుపడి దాచారు, అర్థమైంది. మీ నాన్నగారి సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాతో అనలేదు, పదేళ్ల పిల్లాడు తాళం వేసిన ఇంటి ముందునుంచి వెళ్లడం తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ మీరు ఆ పంతులుగారిని అడిగే మనిషి. రేపు నేను పోతే కూడా ముందు ఆయన్నే అడుగుతారు. ఆయన ధనిష్ఠ అంటే, మీరు సుత్తి తీసుకుని ఏ గోడ కొట్టాలో చూస్తారు. కూలర్ కన్నం అని రాసిన మీరు ఆ పని చేస్తారనే నా భయం. ఈ పొక్కిన చేతులతో నేను తోమిన ఇల్లు ఇది. నేను మేకు కొట్టిన గోడ ఇది.

నేను ఇక్కడినుంచి కదలను. దీపం ఆపను. ఆ గదిలోనే పడుకుంటున్నాను, మళ్లీ నిద్ర పడుతోంది. మీరు రావాలంటే ఒక్క మాట రాసి పంపించండి. నేను ఏ రోజు పోయినా, ఏ నక్షత్రంలో పోయినా, నన్ను వీధి గుమ్మంలోంచే తీసుకెళ్తానని. రాయలేకపోతే డిసెంబరు పదహారు దాకా కాదు, ఎన్నాళ్లైనా అక్కడే ఉండండి. నేను ఏమీ అనను.

మీ
పద్మ


క్వార్టర్ నెం. బి-117,
నవంబరు 27.

పద్మా,

నాకు అందంగా రాయడం రాదు. నాకు తెలిసిన పద్ధతిలోనే రాస్తున్నాను.

కింద సంతకం చేసిన నేను, సూర్యారావు, రిటైర్డ్ టెక్నీషియన్, నా ఇష్టప్రకారం రాసి ఇచ్చే హామీ. నా భార్య పద్మకుమారి కాలం చేసిన రోజున నేను పంచాంగం చూడను. పంతులుగారిని అడగను. అది ధనిష్ఠ అయినా, మరొకటైనా, ఊరు ఏమన్నా, చుట్టాలు ఏమన్నా, ఆమెను ఆమె ఇంటి వీధి గుమ్మంలోంచి, తలుపు రెండు రెక్కలూ తెరిచి, నా భుజం మీద తీసుకెళ్తాను. ఆ మర్నాడు ఆ ఇంటికి తాళం వెయ్యను. దీపం నేనే పెడతాను. నేను ముందు పోతే నాకూ అదే గుమ్మం.

సాక్షి: అమర్‌నాథ్. అతను చదివి, కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.

ఈ నాలుగు మాటలు రాయడానికి రెండు రోజులు పట్టింది. 'కాలం చేసిన రోజున' అన్నదగ్గర చెయ్యి సాగలేదు. నువ్వు లేని ఇంట్లో దీపం ఎలా పెడతానో నాకు తెలియదు. అయినా రాశాను.

ఎక్స్‌టెన్షన్ కాగితం ఆఫీసులో తిరిగి ఇచ్చేశాను. ముప్ఫైన తాళాలు అప్పజెప్పి, ఒకటో తారీఖు పగటి బండికి వస్తున్నాను. ఆరు నెలలు నిండడానికి ఇంకా పదిహేను రోజులు ఉన్నాయి, ఆ లెక్క నాకు తెలుసు. బండి దగ్గరపడుతుంటే వెనక్కి తిరిగిపోదామనిపిస్తుంది, అదీ తెలుసు. నువ్వు స్టేషన్‌కి రావద్దు. గుమ్మంలో నిలబడి ఉండు, నేను నిన్ను చూస్తూ లోపలికి వచ్చేస్తాను.

నీ
సూర్యారావు